పార్కులో చెరువు, పొదలు, పాత రాతి గోడలు: వీటన్నిటినీ ఎలా గమనించాలి?

పెద్ద పబ్లిక్ పార్కులో వాలంటీర్‌గా చేరారనీ, చెరువు, పొదలు, పాత రాతి గోడలు అన్నీ అక్కడే ఉండటంతో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశారు. నేను కొన్నేళ్లుగా ఇలాంటి పార్కులోనే ఈ పని చేస్తున్నాను. నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందు ఫొటో పాయింట్లు పెట్టుకోండి. అంటే ఒకే చోట నిలబడి, ఒకే ఎత్తులో, ఒకే దిక్కుగా, ఏటా అదే కాలంలో తీసే ఫొటోలు. చెట్ల కింద ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. కదలని బండరాయో గోడ మూలో ఫ్రేములో ఉండేలా చూసుకుని, పాత ఫొటో ప్రింటుతో పోల్చుకుంటూ తీయండి. చెరువు గట్టున రెల్లు కొంచెం కొంచెంగా తగ్గిపోతుంటే రోజూ చూసేవాళ్ల కంటికి ఆనదు. ఫొటోలు పక్కపక్కన పెడితే ఇట్టే తెలుస్తుంది.

పక్షుల లెక్కకైనా అంతే. అదే దారి, అదే వేళ, అంతే సమయం. ఒక జాతి కనిపించని రోజు సున్నా అని రాయండి. ఖాళీగా వదిలేస్తే పక్షి రాలేదో, మీరే వెళ్లలేదో తర్వాతివాళ్లకు తెలియదు.

అసలు చిక్కంతా మొక్కలను ఒకరు, కట్టడాలను ఇంకొకరు విడివిడిగా చూడటంతో వస్తుంది. విపరీతంగా అల్లుకుపోయి మిగతా మొక్కలను ఎదగనివ్వని పొద లాంటానానే తీసుకోండి. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. అందుకే తల్లివేరును నేలకు కాస్త కింద నరికి, మొక్కను తలకిందులుగా పడేస్తారు. మంచి పద్ధతే. కానీ ఆ పొద పాత గోడ పునాదిని ఆనుకుని ఉంటే గడ్డపార వేయకూడదు, కింద ఏముందో మనకు తెలియదు. అక్కడ నేలకు పైనున్న భాగాన్ని మాత్రమే కోసి, వచ్చిన చిగుళ్లను ఓపికగా తుంచుతూ ఉండాలి. మొత్తం ఒకేసారి తీసేసినా పక్షులకు చాటు ఉండదు. గూళ్లు పెట్టే కాలం వదిలేసి, ముక్కలు ముక్కలుగా తీయడమే నయం.

గోడ సందుల్లో మొలిచే మర్రి, రావి మొక్కలను లేతగా ఉన్నప్పుడే చేత్తో తీసేయండి. వేర్లు లావయ్యాక మాత్రం లాగొద్దు, రాళ్లను పట్టి ఉంచేది ఒక్కోసారి ఆ వేర్లే. కట్టడాల సంరక్షణ తెలిసినవాళ్లు వచ్చి చూసేదాకా ఆగండి. సున్నంతో కట్టిన గోడ సందుల్లో సిమెంటు నింపుతామంటే దయచేసి అడ్డుపడండి. తేమ సిమెంటులోంచి బయటికి పోలేక రాతిలోకి మళ్లుతుంది, లవణాలు పేరుకుని రాయి పెచ్చులూడుతుంది. పగుళ్లను స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. ఎండకీ చలికీ అవి కాస్త తెరుచుకుని మూసుకుంటాయి. ఏడాది పొడవునా కొలవకుండా గోడ కదులుతోందని టెన్షన్ పడొద్దు.

జనం రాకపోకలనూ లెక్కలోకి తీసుకోవాలి. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1948లో సందర్శకులకు తెరిచారు. జనం ఊపిరి వల్ల పెరిగిన తేమ, కార్బన్ డయాక్సైడ్‌తో గుహచిత్రాలు పాడవుతుండటంతో 1963లో మూసేశారు. మనిషి చేయి తగలకుండానే అంత జరిగింది.

నేల మీద పాత కుండ పెంకులు కనిపిస్తే తీసి జేబులో వేసుకోకండి. ఫొటో తీసి, చోటు రాసుకుని, అక్కడే ఉంచి పార్కువాళ్లకు చెప్పండి. ఏ చోట దొరికిందన్నదే దాని చరిత్ర. అలాంటి చోట్లు, గూళ్లు ఉన్న చోట్లు ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. ఫోన్ ఫొటోలోనే లొకేషన్ దాగి ఉంటుంది, పంపేముందు తీసేయండి.

చివరిగా, ఎంత మార్పు కనిపిస్తే ఏం చేయాలో పార్కు నిర్వాహకులతో ముందే మాట్లాడి రాయించుకోండి. రెల్లు ఎక్కడిదాకా తగ్గితే గట్టు మీద దాన్ని కోయడం ఆపాలి, పగులు ఎన్ని మిల్లీమీటర్లు దాటితే ఇంజనీరును పిలవాలి, పిలిచేది ఎవరు? ఇవి తేలకపోవడంతో ఏళ్ల తరబడి రాసిన రికార్డులు ఎవరూ తెరవని ఫైళ్లలో ఉండిపోవడం నేను చూశాను.