పిల్లలు పరీక్షల్లో కాపీ కొట్టడంలో తల్లిదండ్రుల పాత్ర ఎంతవరకు ఉంటుంది?

చాలా ఉంటుందండి. మాది కోనసీమ, రాజోలు వైపు. గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెప్తాను, మార్చి వచ్చిందంటే టెన్త్ ఇన్విజిలేషన్ డ్యూటీ తప్పదు. చీటీ దొరికితే అందరూ పిల్లల్నే తిడతారు గానీ దాని వెనకాల పెద్దోళ్లు ఎంతమంది ఉంటారో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

ఒక ఏడాది సోషల్ పరీక్ష రోజు లోపలికి పంపేటప్పుడు ఒక పాప జామెట్రీ బాక్సులో చీటీ దొరికింది. బస్ టికెట్టంత మడత, విప్పితే సన్నగా గుండ్రంగా కుదురైన అక్షరాలు, హెడ్డింగుల కింద ఎర్ర ఇంకుతో గీతలు కూడా కొట్టి ఉన్నాయి. పిల్లలు రాసుకునే చీటీ అలా ఉండదండి, హడావిడి రాత ఉంటుంది. ఎవరు రాశారమ్మా అంటే ఏడుపు మొహంతో "మా అమ్మండి, వద్దన్నా పెట్టేసిందండి" అంది. ఇంకా పేపర్ ఇవ్వలేదు కదా, అది తీసేసుకుని కూర్చోమన్నాను. ఆ పిల్ల ఆఖరి బెల్లు దాకా తలెత్తకుండా రాసింది. వచ్చు ఆ పిల్లకి, రాదని ఇంట్లో తేల్చేశారంతే. నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది ఇదే.

డబ్బున్నోళ్లు చీటీ దాకా రారు. అడ్మిషన్ అప్పుడే "సెంటర్ ఎక్కడ పడుద్దండి, స్ట్రిక్టా" అని అడుగుతారు, కువైట్ నుంచి నాన్న ఫోన్ చేసి 600కి 500 దాటాలి మాస్టారూ ఖర్చు చూసుకోకండి అంటాడు, పక్కనే కూర్చున్న పిల్లోడు అంతా వింటానే ఉంటాడు, ఇంక వాడు పుస్తకం ఎందుకు తీస్తాడు చెప్పండి. 2015లో బీహార్లో వైశాలి జిల్లాలో అయినోళ్లు గోడలెక్కి చీటీలు అందించిన ఫోటో చూసి మనోళ్లు ఛీ ఛీ అన్నారు, ఈ ఫోన్లు మాత్రం తప్పు అనిపించవు. మన రాష్ట్రంలో 1997 నాటి 25వ నంబరు చట్టం ఉంది, మాల్‌ప్రాక్టీస్‌కి సాయం చేసినోళ్లకి 3 నుంచి 7 ఏళ్ల దాకా జైలు. ఆ సంగతి చెప్తే చాలామంది నమ్మరు. పిల్లోడు దొరికితే డిబార్ చేస్తారు, అది సరేసరి.

మా ఊళ్లో కొబ్బరి దింపు తీసే ఆయన ఒకరు ఉన్నారు, పెద్దగా చదువుకోలేదు. "పోతే పోయిందిరా, మళ్లీ ఫీజు కడతాను, నీకొచ్చిందే రాయి" అని కొడుక్కి నా ముందే చెప్పారు. లెక్కలు పోయాయి నిజమే. ఎండాకాలం అంతా పొద్దున్నే మా అరుగు మీద కూర్చుని చేశాడు, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో గట్టెక్కాడు, ఆ ఏడాదే ఇంటర్లో చేరాడు కూడా, సంవత్సరం ఏమీ పోలేదు.

పాస్ అవ్వడానికి కావాల్సింది 35 అండి. మీ పిల్లలు టెన్త్ అయితే సెంటర్ గురించి వాకబు చేసే బదులు సంక్రాంతి సెలవులు అవ్వగానే స్కూలుకొచ్చి ఏ పాఠాలు రావట్లేదో మాస్టారిని అడగండి, అప్పటికి ఇంకా టైం ఉంటుంది, ఎవరైనా కూర్చోబెట్టి చెప్తారు.