గేటుకు తాళం పడ్డాక ముందు చేయాల్సింది

బిడ్డా,

మీ పెద్దమ్మకు మొన్న మీ అత్త ఫోన్ చేసి చెప్పిందట, కంపెనీ మూసేసి పది రోజులైనా నువ్వు రోజూ పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని బండేసుకుని హైవే మీదికి పోతున్నావని, చౌటుప్పల్ దగ్గర ఏదో హోటల్లో సాయంత్రం దాకా కూర్చుని షిఫ్టు టైముకు ఇంటికి వస్తున్నావని. తిట్టడానికి రాయడం లేదు. నేనూ అదే పని చేసినవాణ్ణే, కాకపోతే నాకు హోటల్ దొరకలేదు, చెరువు కట్ట దొరికింది. ఈ రోజు రాత్రే నీ భార్యకు చెప్పెయ్. పొరుగింటావిడ నోట వింటే ఆమెకు ఉద్యోగం పోయిన బాధ కన్నా నువ్వు దాచిన బాధ పెద్దదైతది.

ఇక అసలు సంగతి. కంపెనీ వాళ్లు రెండు నెలల జీతం, అంటే 36,000 ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టు అంటున్నారట కదా. ఆ కాగితంలో ఏం రాసుంది, చదివినవా? 'నా సొంత కారణాలతో ఉద్యోగం మానుకుంటున్నాను, కంపెనీ నుంచి నాకు రావాల్సిందేమీ లేదు' అని ఉంటే పెన్ను జేబులో పెట్టుకుని లేచి వచ్చెయ్. ఇరవై ఏళ్ల కిందట స్పిన్నింగ్ మిల్లు మూసినప్పుడు నేను సరిగ్గా అలాంటి దాని మీదే సంతకం పెట్టిన. చేతిలో చెక్కు పెట్టేసరికి అదే గొప్ప అనిపించింది, పిల్లల స్కూలు ఫీజు కట్టాల్సి ఉండె. నాతోపాటు నూలు వడికే రింగ్ ఫ్రేమ్ మీద పనిచేసిన ఒకాయన మాత్రం మొండికేసి సంతకం పెట్టలేదు, లేబర్ ఆఫీసు చుట్టూ రెండేళ్లు తిరిగిండు, ఆఖరుకు నాకు వచ్చినదానికి నాలుగింతలు తీసుకున్నడు. ఇప్పటికీ గడియారం సెంటర్లో కనబడితే చాయ్ తాగిస్తడు, ఏమీ అనడు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంటది.

నువ్వు మానుకోలేదు, వాళ్లు మూసుకున్నరు. ఈ రెండింటికీ డబ్బులో చాలా తేడా ఉంది. కంపెనీ మూతపడితే, ఏడాది నిండా పనిచేసిన కార్మికునికి ప్రతి ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది, 2025 నవంబర్ 21 నుంచి దాని బదులు వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. నష్టాలొచ్చినయి, సరుకు పోతలేదు అని చెప్పి దాన్ని తగ్గించడానికి లేదు, అవి వాళ్ల చేయి దాటిన కారణాల కింద లెక్కకు రావు. నీ జీతం 18,000 అయినా, కొత్త కోడ్‌లో లెక్కకు ముఖ్యంగా వచ్చేది బేసిక్, డీఏ (కరువు భత్యం), అవి కలిపి 13,000 అన్నావు. సగం నెలది 6,500 అనుకుంటే నువ్వు పనిచేసిన తొమ్మిదేళ్లకు 58,500. గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్లు పనిచేసినందుకు ఇచ్చే మొత్తం, దీనికి వేరే. ఆ 13,000ను 26తో భాగించి 15తో గుణిస్తే 7,500, తొమ్మిదేళ్లకు 67,500. రెండూ కలిపితే లక్షా ఇరవై ఆరు వేలు. దానికి బదులు 36,000 తీసుకుని రావాల్సింది ఇంకేమీ లేదని రాసిస్తవా చెప్పు!

పనిచేసిన రోజుల జీతం, పాత జీతం బకాయిలు రెండు పనిదినాల్లో ఇవ్వాలి, గ్రాట్యుటీ ముప్పై రోజుల్లో. యాభై మంది, అంతకన్నా ఎక్కువ ఉన్నచోట మూసేముందు అరవై రోజుల నోటీసు ఇవ్వాలని కూడా ఉంది. మీ దగ్గర నోటీసు బోర్డు మీద ఏమన్నా పెట్టి ఉంటే ఫోన్‌లో ఫోటో తీసుకో. పెట్టకపోతే తాళం పడ్డ గేటునే, తేదీ కనబడేటట్టు తియ్. వాచ్‌మన్ ఏమీ అనడు, వాడికీ రెండు నెలల జీతం రావాలేమో ఎవరికి తెలుసు. మూడు నెలల్లో మళ్లీ తెరుస్తాం, అప్పటిదాకా ఓపిక పట్టండి అని మేనేజర్ అంటే, సరే సార్, అట్లయితే ఇది లేఆఫ్, అంటే పని లేక కొన్నాళ్లు ఆపడమే కదా, బేసిక్, డీఏలో సగం ఇవ్వండి, కాగితం మీద రాసివ్వండి అని అడుగు. నోటి మాటతో మూడు నెలలు కాదు, మూడేళ్లు గడుస్తయి.

హెచ్‌ఆర్ ఆఫీసులో మనుషులు ఉన్నప్పుడే అనుభవ పత్రం తీసుకో. నువ్వు బాయిలర్ మీద చేసినవాడివి, రేపు పై సర్టిఫికెట్ పరీక్షకు పోవాలన్నా ఎన్నేళ్లు ఏ బాయిలర్ మీద చేశావో రాసిన కాగితం కావాలి. తాళం పడ్డాక నెలలకు పోతే ఆ ముద్ర ఎవరి దగ్గరుందో కూడా చెప్పేవాడు ఉండడు. అది చేతిలో ఉంటే మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో అడగొచ్చు, ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలర్ లేనిదే నడవదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి మందుల కంపెనీలూ ఉన్నయి, కాకపోతే కాపురం మార్చాల్సి వస్తది.

పీఎఫ్ సంగతి. మొత్తం తీసేద్దామని తొందరపడకు, ముఖ్యంగా పెన్షన్ పైసలు. పదేళ్ల సర్వీసు ఉంటేనే తర్వాత నెలనెలా పెన్షన్ వస్తది, నీకు ఒక్క ఏడాది తక్కువుంది. కొత్త చోట అదే యూఏఎన్ నంబర్ ఇస్తే లెక్క కొనసాగుతది. పీఎఫ్ ఖాతాలో మానిన తేదీ కంపెనీ వేయకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత నువ్వే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. ఈఎస్ఐ, అదే కార్మికుల వైద్య బీమా కార్డు కూడా కంపెనీతోపాటు ఆ రోజే ఆగిపోదు, కట్టిన చందాను బట్టి కొన్ని నెలలు వైద్యం నడుస్తది, కాబట్టి అమ్మ బీపీ మందులు అక్కడే తీసుకోండి. ఉద్యోగం పోయినవాళ్లకు సగటు జీతంలో సగం, 90 రోజుల దాకా ఇచ్చే అటల్ పథకం ఒకటి ఈఎస్ఐలోనే ఉంది. బ్రాంచి ఆఫీసుకు పోయి అది ఇంకా నడుస్తుందేమో, నీకు వర్తిస్తదేమో అడుగు, సిగ్గుపడకు, అది నీ జీతంలోంచి కోసిన పైసలే.

డబ్బులు వచ్చినయని తెలియగానే ఊళ్లో సలహాలు మొదలైతయి. బోరు వేయించు, బత్తాయి పెట్టు అంటరు. మన నేలలో బోరు అంటే జూదమే, మీ తాత మూడు వేయిస్తే రెండు దుమ్ము లేపినయి. నీళ్లు పడ్డా బత్తాయి కాపుకు నాలుగైదేళ్లు పడతది, అప్పటిదాకా ఇంట్లో ఏం తింటరు? వచ్చినదాంట్లోంచి ముందు ఆరు నెలల కిరాయి, బియ్యం, బండి కిస్తు పక్కన పెట్టు. చిట్టీ ఎత్తుకుని ఉంటే అది మాత్రం ఆపకు, జామీను పడ్డవాని మీదికి పోతది.

ఒక్కడివే పోకు. నీలాంటివాళ్లు నలుగురు కలిసి ఒకే అర్జీ రాసి అందరూ సంతకాలు పెట్టండి, ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. చౌటుప్పల్ 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది కాబట్టి ఆ జిల్లా లేబర్ ఆఫీసులోనే ఇవ్వాలి, పాత అలవాటుతో నల్లగొండ ఆఫీసుకు రాకండి.

అర్జీ నేను రాసిపెడతా. ఆదివారం పొద్దున బస్సుకు నా దగ్గరికి వచ్చెయ్, పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ ఆర్డర్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని రా. వాళ్లిచ్చిన ఆ కాగితం కూడా తీసుకురా, సంతకం పెట్టకుండా.

మీ పెద్దనాయన