బిల్లు పోయింది, కేస్ షీట్ తెచ్చుకోండి

ప్రశ్న: మాది విజయవాడ. 2025 జనవరి 18న పదకొండు మందిమి అరకు వెళ్లాం. నాన్నగారు పోయాక అమ్మ ఊరు దాటడం అదే మొదటిసారి. పర్యాటకులతో కిటకిటలాడే ఒక పేరున్న హోటల్లో గంటసేపు ఎదురుచూసి, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు భోజనం చేశాం. ఏడుగురం బొంగులో చికెన్ తిన్నాం. శనివారం కాబట్టి అమ్మ, మరో ముగ్గురు వెజ్ ఫ్రైడ్ రైస్ తిన్నారు. సాయంత్రం ఐదింటికి ఘాట్ రోడ్డు దిగుతుండగా ఆ నలుగురికీ వాంతులు మొదలయ్యాయి. రాత్రి రైలెక్కి, తెల్లవారాక అమ్మను విజయవాడలో ఆసుపత్రిలో చేర్చాం. మూడు రోజులు, 38 వేల ఖర్చు. ఫోన్ చేస్తే హోటల్ యజమాని అవమానకరంగా మాట్లాడాడు. పది నెలలైంది. బిల్లు పారేశాం. డబ్బు మా బావమరిది యూపీఐ ద్వారా కట్టాడు. పాడైన చికెన్ పెట్టినందుకు పది లక్షలు రాబట్టాలి. తెలిసిన డాక్టరు ఆ తేదీతో సర్టిఫికెట్ రాసిస్తానంటున్నారు. కేసు అరకులో వేయాలా?

జవాబు: యజమాని ఏమన్నాడన్నది పక్కన పెట్టండి. చికెన్ తిన్న ఏడుగురిలో ఎవరికైనా ఏమైనా అయినట్టు మీరు రాయలేదు. జబ్బుపడిన నలుగురూ తిన్నది ఫ్రైడ్ రైస్. ‘పాడైన చికెన్’ అని ఫిర్యాదు రాస్తే మీ కేసును మీరే ఓడించుకుంటారు.

వండిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచితే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం తయారవుతుంది. తర్వాత వేయించినా ఆ విషం పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు వస్తాయి. మీకు పట్టింది మూడున్నర గంటలు. అయినా ఇదే కారణమని నేను చెప్పకూడదు, చికిత్స చేసిన వైద్యులు చెప్పాలి. ఈ భోజనానికీ ఆ జబ్బుకూ ముడి పడుతుందా లేదా అన్నదే మీ కేసంతా.

ఆ ముడి ఆసుపత్రి కేస్ షీట్‌లో ఉంటుంది. డిశ్చార్జ్ కాగితం కాదు, చేర్చుకున్న రోజు రాసుకునే పూర్తి కేస్ షీట్. ఏం తిన్నారు, ఎప్పుడు, ఎందరికి వాంతులయ్యాయి అని వైద్యులు అడిగి రాసుకుంటారు. కేసు ఆలోచనే లేని రోజున రాసిన ఆ రెండు వాక్యాలకున్న విలువ ఇప్పుడు ఎవరు రాసిచ్చినా రాదు. ఆసుపత్రులు ఆ రికార్డును మూడేళ్లు భద్రపరచాలి, రోగి అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అమ్మగారి సంతకంతో రేపే దరఖాస్తు చేయించండి.

ఆ పాత తేదీ సర్టిఫికెట్ జోలికి మాత్రం వెళ్లకండి. కేస్ షీట్ పక్కన పెట్టి చూడగానే అది దొంగ కాగితమని బయటపడుతుంది. నిజంగా జబ్బుపడిన మీ అమ్మగారి మాట కూడా ఎవరూ నమ్మరు. న్యాయ విచారణలో దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. ఆ డాక్టరు కూడా మీతోపాటు బోనెక్కుతారు.

నలుగురు ఒకేసారి వాంతులు చేసుకుంటుంటే ఆహార భద్రతా అధికారికి ఒక్క ఫోన్ చేయలేదు, బిల్లు పారేశారు, పది నెలలు ఊరుకున్నారు. ఇది క్షమించలేని నిర్లక్ష్యం. ఆ రోజే చెప్పి ఉంటే వంటగదిలో నమూనా తీసేవారు. ఆహార భద్రతా చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు గడువు మామూలుగా ఏడాదే. నమూనా లేకుండా, మిగిలిన రెండు నెలల్లో ఆ దారిలో మీకు దక్కేది తక్కువ.

వినియోగదారుల రక్షణ చట్టం కింద మాత్రం రెండేళ్లు, అంటే 2027 జనవరి మధ్య వరకు సమయముంది. అరకు వెళ్లనక్కరలేదు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చు, విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. చెల్లించిన బిల్లు ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. డబ్బు కట్టింది బావమరిది అయినా, ఆయన సమ్మతితో తిన్న అమ్మగారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారే.

బావమరిది బ్యాంకు నుంచి ఆ రోజు స్టేట్‌మెంట్ తీయించండి. యూపీఐలో హోటల్ పేరు బదులు ఎవరో వ్యక్తి పేరు ఉంటే, ఆయనకూ హోటల్‌కూ సంబంధం చూపాలి. ఆ తేదీ, సమయం, మొత్తం రాసి బిల్లు నకలు కోరుతూ హోటల్‌కు స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. జీఎస్టీ నమోదున్న వ్యాపారి లెక్కలను ఏళ్ల తరబడి దాచాలి, కాబట్టి ‘లేదు’ అని రాసినా అది మీకే పనికొస్తుంది.

దారిలో మొక్కజొన్న పొత్తులు తిన్నారని, రైల్లో ఏదో తిన్నారని అవతలి వకీలు తప్పక అంటారు. అందుకే పదకొండు మందీ ఎవరికి వారు అఫిడవిట్ ఇవ్వాలి: ఏం తిన్నాను, ఏం తినలేదు, ఎప్పుడు ఏమైంది. బండి డ్రైవరు కూడా ఇస్తే మరీ మంచిది. అందరూ ఒకే మాటను నకలు కొట్టవద్దు.

పది లక్షలు అడగకండి. ఆసుపత్రి ఖర్చు, మిగతా ముగ్గురి మందుల ఖర్చు, మానసిక వేదనకు సహేతుకమైన మొత్తం, కేసు ఖర్చులు అడగండి. ముందు కేస్ షీట్ తెచ్చుకోండి. అందులో బయటి భోజనం ప్రస్తావన ఉంటే లాయరు నోటీసు పంపండి. ఆ మాటే లేకపోతే, నోటీసుకు ముందు చికిత్స చేసిన వైద్యులను కలిసి, రికార్డు ఆధారంగా వారి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి, ఈనాటి తేదీతోనే.