నల్లమలకి వస్తున్న మా అబ్బాయికి

చిరంజీవి చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

ఉగాది సెలవులకి అమ్మాయినీ పిల్లల్నీ తీసుకుని నల్లమల వస్తానన్నావు, సంతోషం. పులి కనపడుతుందా అని అడిగావు. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం మూడు వేల చదరపు కిలోమీటర్లకి పైమాటేరా. దేశంలో పులుల అభయారణ్యాలన్నిటిలోకీ విస్తీర్ణంలో అదే పెద్దది. అంత అడవిలో పులి మీరొచ్చిన పూటే దారి మీదకొస్తుందని ఆశ పెట్టుకోకు. పిల్లలకి ఆ మాట ముందే చెప్పు, లేకపోతే తిరుగు ప్రయాణమంతా మూతి ముడుచుకుని కూర్చుంటారు.

రోజులు మాత్రం మంచివే ఎంచుకున్నావు. మనది ఆకు రాల్చే అడవి. వానాకాలంలో గుబురు పెరిగి నాలుగడుగుల అవతల ఏముందో తెలియదు, పైగా అప్పుడు సందర్శకుల్ని రానివ్వరు. ఎండలు ముదిరితే ఆకంతా రాలి చూపు దూరం పోతుంది. జంతువులు కూడా నీళ్ల కోసం కుంటల దగ్గరికి చేరతాయి.

ఆత్మకూరు దాటాక బైర్లూటిలో అటవీశాఖ క్యాంపు ఉంది, ముందే బుక్ చేసుకో. నడక చెంచు గైడుతోనే. అనుమతి లేకుండా లోపలికి పోతే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. గైడు వయసులో నీకన్నా చిన్నవాడైనా ‘నువ్వు’ అనకు. అతను ఆగితే ఆగు, ఎందుకాగాడో తర్వాత అడుగు.

చెట్ల దగ్గర తొందరపడకు. నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. తపసి కాండం తెల్లగా మెరుస్తూ పైపొర లేచి ఉంటుంది. దాని జిగురే చెంచులు సేకరించి గిరిజన సహకార సంస్థకి (జీసీసీ) అమ్ముతారు. పుట్ట తవ్వి మట్టి ఎగజిమ్మి కనిపిస్తే ఎలుగు చెదల కోసం వచ్చి పోయినట్టు. మట్టి ఇంకా తడిగా ఉంటే అక్కడ నిలబడి ఫొటోలు తీసుకోవద్దు.

పులికన్నా నాకు ఎలుగంటేనే భయం. దానికి చూపు ఆనదు. మనిషి బాగా దగ్గరికొచ్చేదాకా పసిగట్టదు, కంగారుపడితే మీద పడుతుంది. ఇప్పపూలు రాలే కాలం కదా, వాటిని తినడానికి ఎలుగు వస్తుంది, తెల్లారగట్ల ఆ చెట్ల కిందకి ఎవర్నీ పోనివ్వకు.

కొండముచ్చు పైనుంచి ఖక్, ఖక్‌మని అరుస్తుంటే, దుప్పి కాలు నేలకేసి కొడుతుంటే, మీరు వాటిని చూడకండి. అవి ఎటు చూస్తున్నాయో అటు చూడండి, వాటిని బెదరగొట్టిన పులో చిరుతో అటే ఉంటుంది. అడవిలో నాకు తెలిసిన విద్య అంతా ఇదే.

మట్టిరంగు ఫుల్‌హ్యాండ్స్ బట్టలు, బూట్లు చాలు. సెంటు కొట్టుకోవద్దు. గడ్డిలో తిరిగొచ్చాక పిల్లల సాక్సులు, మోకాళ్ల వెనక పిడుదులున్నాయేమో చూడమను. అట్నుంచి శ్రీశైలం పోయేటట్టయితే దోర్నాల దగ్గర అటవీశాఖ గేటు రాత్రి 9కి మూసేస్తారు, మళ్లీ పొద్దున 6కే తీసేది.

బైనాక్యులర్స్ రెండు తెచ్చుకో. ఒకటే అయితే పిల్లల గొడవకి ఉన్న దుప్పులు కూడా పారిపోతాయి.

మీ బాబాయి