శబ్దం పెంచే సాఫ్ట్‌వేర్‌కు కీబోర్డుతో పనేమిటి?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో ఆన్‌లైన్ పాఠాలు సరిగా వినబడటం లేదు. మిత్రుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ చేసిన సౌండ్ బూస్టర్‌ను, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేశాను. శబ్దం పెరిగింది. ప్రమాదమా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ప్రమాదమే, ఈరోజే తీసేయండి. ఇలాంటి ప్రోగ్రాముల్లో కొన్ని పాటల ప్లేయర్‌లా పైపైన పనిచేసేవి కావు. కంప్యూటర్ ఆన్ కాగానే మొదలై, అడ్మినిస్ట్రేటర్‌కు మించిన అధికారాలతో తెర వెనక నడిచే సర్వీసులను వెంట తెస్తాయి. మైకు కూడా వాటి చేతిలోకి వెళ్లవచ్చు.

పేరున్న కంపెనీలే ఇక్కడ తడబడ్డాయి. 2017లో హెచ్‌పీ ల్యాప్‌టాప్‌ల 20కి పైగా మోడళ్లలో కోనెక్సాంట్ కంపెనీ ఆడియో డ్రైవర్ (శబ్ద పరికరాలను నడిపే ప్రోగ్రాము) ఒక దారుణం చేస్తోందని స్విట్జర్లాండ్‌కు చెందిన కంప్యూటర్ భద్రతా సంస్థ మోడ్‌జీరో బయటపెట్టింది. మైకు మ్యూట్ బటన్ నొక్కారో లేదో తెలుసుకోవడానికి ఆ ప్రోగ్రాము ప్రతి కీనీ గమనించేది. అంతటితో ఆగలేదు. నొక్కిన కీలన్నిటినీ, పాస్‌వర్డులతో సహా, ఆ కంప్యూటర్ వాడే ఎవరైనా తెరవగల ఫైలులో రాసిపెట్టేది. పరీక్షల కోసం రాసుకున్న కోడ్‌ను తొలగించకుండా వదిలేయడమే కారణం. తర్వాత సవరణ విడుదలైంది. తయారీదారు డిజిటల్ సంతకం ఉన్న అధికారిక డ్రైవరే ఇంత చేస్తే, లైసెన్సు తాళం పగలగొట్టిన (క్రాక్ చేసిన) ప్రోగ్రాములో ఇంకెవరు ఏం కలిపారో ఎలా నమ్ముతాం? యాంటీవైరస్ ఆపాల్సి వచ్చిన క్షణంలోనే మీరు ఆగి ఉండాల్సింది.

ప్రోగ్రామును తొలగించి, యాంటీవైరస్ మళ్లీ ఆన్ చేసి, విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ పూర్తిగా మొదలవకముందే చేసే తనిఖీ) నడపండి. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డులను ఫోనులోంచి మార్చండి, ఆ ల్యాప్‌టాప్‌లోంచి వద్దు. తర్వాత విండోస్ 11 సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్ తెరిచి, మీ స్పీకర్‌ను ఎంచుకుని, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ చూడండి. డ్రైవర్‌ను బట్టి అక్కడే లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ (సన్నని, పెద్ద శబ్దాల తేడాను తగ్గించే సౌకర్యం) ఉండవచ్చు. పాఠాలకు అది చాలు. అప్పటికీ వినబడకపోతే మామూలు ఇయర్‌ఫోన్లు కొనుక్కోండి.

ప్రశ్న: టాస్క్ మేనేజర్‌లో రియల్‌టెక్ ఆడియో సర్వీసు కనబడుతోంది. వైరసా?
– కరీంనగర్ పాఠకురాలు

జవాబు: సాధారణంగా కాదమ్మా. రియల్‌టెక్ అనేది ల్యాప్‌టాప్‌లలో శబ్దం చిప్‌లు తయారుచేసే కంపెనీ. దానిపై కుడి క్లిక్ చేసి ఫైలు ఉన్న చోటు తెరవండి. విండోస్ ఫోల్డర్‌లోని డ్రైవర్‌స్టోర్‌లో (డ్రైవర్లు ఉంచే ఫోల్డర్) ఉండి, ప్రాపర్టీస్‌లో రియల్‌టెక్ లేదా మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం కనబడితే భయం లేదు. డౌన్‌లోడ్స్‌లోనో టెంప్‌లోనో ఉంటే అనుమానించాల్సిందే. రియల్‌టెక్ పాత డ్రైవర్లలో ఒక లోపాన్ని 8857 వెర్షన్‌తో సరిచేశారు కాబట్టి, ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి కొత్త డ్రైవర్ వేసుకోండి.