టేపు గోడ దగ్గర పెట్టి కొలువు

అమ్మలూ,

గుంటూరు బ్రాడీపేటలో కొన్ని లైన్లు, అడ్డరోడ్లు మళ్లీ వేసే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. అసిస్టెంట్ ఇంజనీరుగా (ఏఈగా) నీకిది మొదటి పెద్ద పని. నా సర్వీసంతా మున్సిపల్ రోడ్ల మీదే గడిచింది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

రోడ్డు ఎస్టిమేట్ వేసేటప్పుడు మనవాళ్లు మధ్య గీత నుంచి అటూ ఇటూ కొలుస్తారు. ముందు బండ్లకి కావలసింది తీసుకుంటారు, మిగిలింది మనుషులకి వదులుతారు. ఆ మిగిలేది సైడు కాలువ మీది పలకలే. నువ్వు టేపు కాంపౌండు గోడ దగ్గర పెట్టు. అక్కణ్ణుంచి 1.8 మీటర్లు ఏ అడ్డూ లేకుండా నడవడానికి వదిలెయ్. ఇళ్ల వీధులకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) వాళ్ల 103వ నంబరు మార్గదర్శకం చెప్పిన కనీస వెడల్పు అది. దుకాణాలున్న చోట ఇంకా కావాలి. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, చెట్టు, సైన్‌బోర్డు అన్నీ ఆ 1.8 మీటర్లకి బయటే ఉండాలి. మిగిలింది బండ్లకి. లైను మరీ ఇరుకైతే మాత్రం ఫుట్‌పాత్ పేరు చెప్పి అరమీటరు గట్టు కట్టకు. అలాంటిచోట రోడ్డంతా ఒకే మట్టంలో ఉంచి, బండ్ల వేగం తగ్గించే ఏర్పాటు చెయ్.

"మన ఊళ్లో ఫుట్‌పాత్ మీద ఎవరు నడుస్తారమ్మా, దండగ" అని ఆఫీసులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్లకి జవాబు చెప్పేముందు ఒక ఫుట్‌పాత్ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూడు. అడుగున్నర ఎత్తుంటుంది. ప్రతి గేటు దగ్గరా ర్యాంపు కోసం తెగిపోతుంది. పలకకీ పలకకీ మధ్య కాలు దిగేంత సందు. పది అడుగులు వేశామో లేదో ట్రాన్స్‌ఫార్మర్ కంచె. మోకాళ్ల నొప్పులతో మీ పెద్దమ్మ అన్నిసార్లు ఎక్కి దిగగలదా? బండ్లు వస్తున్నా రోడ్డు మీదే నడుస్తుంది. అందరూ చేస్తున్నది అదే. కర్బ్, అంటే ఫుట్‌పాత్ అంచు రాయి, ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటనివ్వకు. గేట్ల దగ్గర ఫుట్‌పాత్ తెగకుండా, దిగకుండా అదే మట్టంలో సాగిపోవాలి. కారే చిన్న వాలు ఎక్కి, దాన్ని దాటి లోపలికి వెళ్లాలి. కాంట్రాక్టరు ఇది కుదరదంటాడు. కుదురుతుంది, దగ్గరుండి ఒక్క గేటు చేయించు, మిగతావి అతనే చేస్తాడు.

అసలు ప్రాణాలు పోయేది కూడళ్లలో. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైన్లూ అడ్డరోడ్లూ గళ్లు గీసినట్టు ఉంటాయి, అడుగడుగునా నాలుగు రోడ్ల కూడలే. సిగ్నల్ ఉండదు, మూల మీద నిలిపిన బండ్ల వల్ల అవతల ఏం వస్తోందో కనపడదు. మూల గుండ్రంగా, విశాలంగా ఉంటే ఆటో బ్రేకు వెయ్యకుండానే తిరిగేస్తుంది. అందుకని మూల వంపు బిగించు. అక్కడ ఫుట్‌పాత్‌ని రోడ్డులోకి కాస్త ముందుకు తీసుకురా. దాంతో బండ్లు మూల మీద ఆపడానికి చోటుండదు, నడిచేవాళ్లు దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. వీలైతే కూడలి మొత్తాన్నీ ఫుట్‌పాత్ మట్టానికి లేపు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో తగిలితే మనిషి చనిపోయే ముప్పు బాగా పెరుగుతుంది, 30తో తగిలితే చాలామంది బతుకుతారు. నువ్వు గీసే ప్రతి గీతా ఆ 30 కోసమే అనుకో.

వేగం తగ్గించాలని రాత్రికి రాత్రే వేసే నిట్టనిలువు స్పీడ్ బ్రేకర్లు మాత్రం వద్దు. బైకు వెనక కూర్చున్న ఆడవాళ్లు పడిపోయేది వాటి మీదే. ఐఆర్‌సీ చెప్పిన హంప్ బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు. దాని మీద బండి మెల్లగా వెళ్తుంది, ఎగిరి పడదు.

పాత రోడ్డు మీద కొత్త పొర వేస్తామంటే ముందు మిల్లింగ్ చేయించు, అంటే పాత పొరని మిషన్‌తో గీకించెయ్. పొర మీద పొర వేసుకుంటూ పోతే వానాకాలంలో నీళ్లు ఇళ్లలోకొస్తాయి, నువ్వు కట్టిన కర్బ్ కూడా పూడిపోతుంది. నీళ్ల పైపు, డ్రైనేజీ, కరెంటు వాళ్లందరి చేతా తవ్వకాలు ముందే ముగించమని రాతపూర్వకంగా అడుగు.

ఇక దుకాణదారులు. పార్కింగ్ పోతే బేరాలు పోతాయని వస్తారు. వాళ్లది బతుకుతెరువు భయం, విసుక్కోకు. విజయవాడ బీసెంట్ రోడ్డులో సాయంత్రం పూట కొనేవాళ్లంతా నడిచి తిరిగేవాళ్లే కదా అని గుర్తు చెయ్. మాటలతో ఒప్పుకోకపోతే ఒక కూడలిలో డ్రమ్ములు, కోన్లు పెట్టి, పెయింటు వేసి కొన్ని వారాలు నడిపి చూపించు. తేడా వస్తే డ్రమ్ము జరపడం తేలిక, కాంక్రీటు పగలగొట్టడం కష్టం. తోపుడు బండ్లవాళ్లని మాత్రం తరిమేయొద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకి హక్కులిచ్చింది. 1.8 మీటర్లు వదిలాక వాళ్లకీ డ్రాయింగులోనే చోటు గుర్తించు.

ఇంకొకటి, పై వాళ్లెవరైనా ఖర్చు తగ్గించడానికి ఫుట్‌పాత్ తీసెయ్యమంటే మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ చూపించు. భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, దానివల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యత ఉన్న అధికార సంస్థకీ కాంట్రాక్టరుకీ లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. గొడవ పడకు, ఫైల్లో నోట్ రాసి పెట్టు.

డ్రాయింగ్ మొదలుపెట్టే ముందు బడి వేళకి ఒకసారి, కోచింగ్ సెంటర్లు వదిలే వేళకి ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక మీ అమ్మని వెంటబెట్టుకుని ఒకసారి ఆ లైన్లలో నడిచి రా. లైట్ల వెలుగు రోడ్డు మధ్యలోనే పడుతోందా, ఫుట్‌పాత్ మీద కూడా పడుతోందా చూసి రాసుకో. ఎస్టిమేట్ పైకి పంపేలోపు ఓ ఆదివారం డ్రాయింగ్ తీసుకుని ఇంటికి రా, ఇద్దరం కూర్చుని ఒక్కో మూలా చూద్దాం.

మీ పెద్దనాన్న