టూరింగ్ బండికి ఎలాంటి టైరు?

ప్రశ్న: సామాను పెట్టెలతో ఇద్దరం దూరప్రయాణాలు చేసే నా భారీ మోటార్ సైకిల్ వెనుక టైరు నడుమ చదునుగా అరిగిపోయింది. మంచి పట్టుండే స్పోర్ట్ టైరు వేయించవచ్చా?

జవాబు: వేయించకపోవడమే మంచిది. మీరు ముందుగా చూడవలసింది బరువు మోసే సామర్థ్యం. టైరు పక్కభాగంలో కొలత తరువాత ఉండే 77 వంటి అంకె గరిష్ఠంగా 412 కిలోల భారాన్ని, దాని పక్కనున్న ‘వి’ అక్షరం గంటకు 240 కిలోమీటర్ల వేగ పరిమితిని సూచిస్తాయి. బండి తయారీదారు నిర్దేశించిన స్థాయికంటే ఇవి ఎన్నడూ తగ్గకూడదు. నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తని రబ్బరు ఉన్న టూరింగ్ టైరు తిన్నని రహదారిపై నెమ్మదిగా అరుగుతూనే మలుపుల్లో చక్కని పట్టునిస్తుంది. గాలిని మాత్రం టైరు చల్లగా ఉన్నప్పుడే, ఇద్దరి బరువుకూ సామానుకూ చెప్పిన మేరకు నింపించండి. తక్కువ గాలితో నిండు బరువు మోసే టైరు లోలోపల వేడెక్కి దెబ్బతింటుంది.